నూనె ఎటు పోయినట్టు?

మిషిగన్‌లో ఉన్న మా అబ్బాయి దగ్గర 1967 నాటి పాంటియాక్ జీటీఓ కారుంది. వాడికంటే వయసులో పెద్దది! నేను వెళ్ళేసరికి దానికో వింత జబ్బు. గేరు మారినప్పుడల్లా ఎత్తి కుదేస్తుంది, వెనకనుంచి తెల్లటి పొగ. గేరుపెట్టెలో ఎర్రనూనె పోసినకొద్దీ తగ్గిపోతోంది. కిందచూస్తే ఒక్క చుక్కా కారలేదు.

"పెట్టె మొత్తం విప్పించాలట. అంత డబ్బెక్కడిదమ్మా, అమ్మేస్తాను" అన్నాడు దిగులుగా.

క్లచ్ తొక్కే పనిలేకుండా గేర్లు వాటంతటవే మారే హైడ్రామాటిక్ పెట్టెని జనరల్ మోటార్స్ వాళ్ళు 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్‌లో తెచ్చారు. రెండో ప్రపంచయుద్ధంలో అదే పెట్టె తేలికపాటి ట్యాంకుల్లోకీ ఎక్కింది. కుర్రకారు మోజుపడ్డ జీటీఓ 1964లో వచ్చినప్పుడు మాత్రం ఆటోమాటిక్ కావాలంటే రెండు గేర్లతోనే సరిపెట్టుకోవాలి. మూడు గేర్ల టర్బో హైడ్రామాటిక్ 400 దానికి 1967లో గానీ దక్కలేదు.

ఆ పెట్టె పక్కన చిన్న రేకుడబ్బీ ఒకటుంటుంది. లోపల పల్చటి రబ్బరుపొర. ఇంజను పీల్పు సన్నగొట్టంలోంచి ఆ పొరని లాగుతూ, ఇంజను మీద భారం ఎంతుందో గేరుపెట్టెకి చేరవేస్తుంది. ఒకరకంగా చాడీలమారి అన్నమాట! పొర చిరిగితే కబురు తప్పుతుంది. అంతటితో ఆగదు, నూనెనంతా ఇంజనే పీల్చి తగలేస్తుంది.

పక్కింటి ముసలాయన ఆ గొట్టం ఊడదీసి చూపించాడు. లోపల ఎర్రగా తడి!

కుక్కరుకి గాస్కెట్ పోతే కుక్కరునే పారేస్తామా చెప్పండి? డబ్బీని పట్టి ఉంచేది ఒక్కటే బోల్టు. అరపూటలో కొత్తది బిగించాడు మావాడు. సాయంత్రం కూరగాయలకి అందులోనే వెళ్ళాం. దారిలో నాలుగుసార్లు ఆపి, ఇంజను నడుస్తూండగానే నూనెకడ్డీ తీసి చూసుకున్నాడు.

"ఇక చాల్లేరా, కొట్టు మూసేస్తారు" అన్నాను.