దుర్గ్ రైతుకు సాయం అందాలంటే ఎన్ని కాగితాలు కలవాలి?

ఛత్తీస్‌గఢ్‌లోని దుర్గ్ జిల్లా పేరు చెప్పగానే తెలుగువారికి గుర్తొచ్చేది భిలాయ్ ఉక్కు కర్మాగారం. టౌన్‌షిప్ దాటి పాటన్, ధమ్‌ధా బ్లాకుల వైపు వెళ్తే వరి పొలాలు కనిపిస్తాయి. ధాన్యం అమ్మే రైతుకు అక్కడి ప్రభుత్వం ఇచ్చే ధర దేశంలోని చాలా రాష్ట్రాల కంటే ఎక్కువ. అయితే ఆ డబ్బు చేతికి రావాలంటే భూమి రికార్డు, ఆధార్, బ్యాంకు ఖాతా, సహకార సంఘం రిజిస్ట్రేషన్ అన్నింట్లోనూ రైతు వివరాలు ఒకేలా ఉండాలి.

ఎంత డబ్బు, ఎలా వస్తుంది?

2023-24 నుంచి ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం ఎకరాకు 21 క్వింటాళ్ల వరకు, క్వింటాలుకు రూ.3,100 లెక్కన ధాన్యం కొంటోంది. ఇది రెండు భాగాలుగా వస్తుంది. ముందు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర జమ అవుతుంది. మిగిలిన తేడాను ‘కృషక్ ఉన్నతి యోజన’ కింద తర్వాత ఇస్తారు. 2024 మార్చి 12న ఈ పథకం కింద 24.72 లక్షల మంది రైతులకు రూ.13,320 కోట్లు విడుదల చేశారు.

2025-26లో సాధారణ రకం ధాన్యం మద్దతు ధర రూ.2,369. అంటే తేడా క్వింటాలుకు రూ.731, ఎకరాకు గరిష్ఠంగా రూ.15,351. అయిదెకరాల రైతుకు ఈ తేడా ఒక్కటే రూ.76,755 అవుతుంది. పీఎం-కిసాన్ కింద ఏడాదికి మూడు విడతల్లో వచ్చే రూ.6,000 దీనికి అదనం.

అంతకుముందు 2020 మే 21న మొదలైన ‘రాజీవ్ గాంధీ కిసాన్ న్యాయ్ యోజన’ సాయాన్ని నాలుగు విడతల్లో ఇచ్చేవారు. ఇప్పుడు తేడా మొత్తాన్ని ఒకేసారి ఇస్తుండటంతో విడత విడతకీ బ్యాంకు చుట్టూ తిరిగే పని తగ్గింది.

ఎక్కడ ఆగిపోతుంది?

మొదటి చిక్కు భూమి రికార్డుతోనే. ఛత్తీస్‌గఢ్‌లో ఇది ‘భుయియాఁ’ పోర్టల్‌లో ఉంటుంది. తండ్రి చనిపోయాక కొడుకుల పేర్ల మీదకు మ్యుటేషన్ కాకపోతే, సాగు చేసేది ఒకరు, రికార్డులో పేరు మరొకరిది. పట్వారీ చేసే గిర్దావరిలో వరికి బదులు వేరే పంట నమోదైనా, విస్తీర్ణం తగ్గినా అమ్మగలిగే ధాన్యం కూడా తగ్గుతుంది. గిర్దావరి అంటే తెలంగాణలో పహాణీలో పంట నమోదు, ఆంధ్రప్రదేశ్‌లో ఈ-క్రాప్ లాంటిది.

రెండోది పేరు. ఆధార్‌లో పూర్తి పేరు, పట్టాలో వాడుక పేరు ఉంటే పోర్టల్ వారిని ఇద్దరు మనుషులుగా చూస్తుంది. ఇంటిపేరును ఒకచోట పొడి అక్షరంతో, మరోచోట పూర్తిగా రాసుకునే తెలుగు కుటుంబాలకు ఈ ఇబ్బంది కొత్తేమీ కాదు.

మూడోది వేలిముద్ర. కొడవలి పట్టి అరిగిన వేళ్లను యంత్రం గుర్తించకపోవచ్చు. పీఎం-కిసాన్ ఈ-కేవైసీకి ఓటీపీ, బయోమెట్రిక్‌తో పాటు 2023లో ముఖ గుర్తింపు విధానం వచ్చింది. వృద్ధ రైతులకు ఇది ఉపయోగపడే మార్పు.

అసలు అర్హత లేనివారూ ఉన్నారు. ప్రభుత్వ రంగ సంస్థల ఉద్యోగులు, విశ్రాంత ఉద్యోగుల కుటుంబాలకు పీఎం-కిసాన్ వర్తించదు. నాలుగో తరగతి సిబ్బందికి మాత్రం మినహాయింపు ఉంది. కాబట్టి సొంతూళ్లో పొలం ఉన్న భిలాయ్ స్టీల్ ఉద్యోగులు ఈ నిబంధన చూసుకోవాలి.

ఒకే నంబరుతో పని జరుగుతుందా?

కేంద్ర మంత్రివర్గం 2024 సెప్టెంబరు 2న రూ.2,817 కోట్లతో డిజిటల్ వ్యవసాయ మిషన్‌ను ఆమోదించింది. అందులో భాగమైన అగ్రిస్టాక్ ప్రతి రైతుకూ ఒక గుర్తింపు సంఖ్య ఇచ్చి, దానికి భూమి, పంట వివరాలు జత చేస్తుంది. ఒకసారి నమోదైతే ప్రతి పథకానికీ మళ్లీ కాగితాలు ఇవ్వక్కర్లేదన్నది దీని ఉద్దేశం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోనూ ఈ నమోదు జరుగుతోంది.

అయితే పాత రికార్డులోని తప్పు అలాగే ఉంటే కొత్త నంబరుకీ అదే తప్పు అంటుకుంటుంది. ఇంతకుముందు ఒక పథకంలో ఆగిన రైతు ఇకపై అన్ని పథకాల్లోనూ ఆగిపోవచ్చు.

కౌలుదారుకు ఇంకా కష్టం. ఛత్తీస్‌గఢ్‌లో అధియా, రేగహా పేరిట నడిచే కౌలు చాలావరకు నోటిమాటే. తెలంగాణలో రైతుబంధు పట్టాదారుకే అందింది. ఆంధ్రప్రదేశ్ 2019 చట్టంతో 11 నెలల సాగుదారు హక్కు పత్రం తెచ్చినా, దానికి భూ యజమాని సంతకం కావాలి. హక్కు పోతుందన్న భయంతో చాలామంది యజమానులు సంతకానికి ఒప్పుకోరు.

ఏం చేస్తే భారం తగ్గుతుంది?

యూరోపియన్ యూనియన్ 2024లో, రైతుల ఆందోళనల తర్వాత, 10 హెక్టార్లలోపు కమతాలను కొన్ని పర్యావరణ నిబంధనల తనిఖీలు, జరిమానాల నుంచి మినహాయించింది. చిన్న రైతుపై పడే తనిఖీ భారం అతనికి అందే సాయానికి తగ్గట్టు ఉండాలన్నది ఇందులోని ఆలోచన.

దుర్గ్‌లోనైనా, గుంటూరులోనైనా కావాల్సినవి పెద్ద సంస్కరణలేమీ కావు. ప్రభుత్వం దగ్గర ఇప్పటికే ఉన్న కాగితాన్ని రైతును మళ్లీ అడగకూడదు. డబ్బు ఆగితే కారణాన్ని అతని భాషలో రాసి ఇవ్వాలి. తప్పు దిద్దే అధికారం ఊరికి దగ్గర్లోని ఒకే కార్యాలయానికి ఉండాలి, దానికి గడువు పెట్టాలి. ఇప్పుడు సహకార సంఘం పట్వారీ దగ్గరకు, పట్వారీ తహసీల్‌కు, తహసీల్ బ్యాంకుకు పంపుతుంటే, ఆ తిరుగుడులో పోయే కూలి దినాలను ఏ పథకమూ లెక్కగట్టడం లేదు.