240పీ (పాత గేమ్ కన్సోళ్ల వీడియో)

240పీ అంటే 1980, 90ల నాటి గేమ్ కన్సోళ్లు టీవీకి పంపిన 240 గీతల వీడియో సంకేతం. ఎన్‌ఈఎస్, సూపర్ నింటెండో, సెగా మెగా డ్రైవ్ దీన్నే వాడాయి. టీవీ ప్రసారాల్లో బేసి గీతలు ఒకసారి, సరి గీతలు మరోసారి వచ్చేవి. కన్సోళ్లు మాత్రం ప్రతిసారీ అవే గీతలపై బొమ్మ గీయించేవి. అందుకే పిక్చర్ ట్యూబ్‌పై అది నిలకడగా, సన్నని నల్లటి సందులతో కనిపించేది.

నేటి టీవీల్లో చాలా వాటికి ఇది 480ఐలా, అంటే బేసి, సరి గీతలు విడివిడిగా వచ్చే ప్రసార సంకేతంలా, కనిపిస్తుంది. దాంతో ఆ టీవీలు రెండు వేర్వేరు ఫ్రేములను ఒకే బొమ్మ తాలూకు సగాలనుకొని కలిపేస్తాయి. అంచులు అలుక్కుపోతాయి. పైగా ఆ ప్రక్రియకు సమయం పట్టి, బటన్ నొక్కాక స్పందన ఆలస్యమవుతుంది. ఆటగాడికి అసలు నష్టం ఇదే.

బాగుచేయడం కేబుల్‌తోనే మొదలవ్వాలి. పసుపు పిన్ను కాంపోజిట్ వైరులో వెలుగు, రంగు కలిసిపోయి వస్తాయి. ఎస్-వీడియో వాటిని విడదీస్తుంది. ఆర్‌జీబీ మూడు రంగులనూ వేరువేరుగా పంపుతుంది. ఐరోపాలో స్కార్ట్ సాకెట్ వల్ల ఇది మామూలు ఇళ్లకూ అందింది. ఆపైన ఓఎస్ఎస్‌సీ, రెట్రోటింక్ వంటి పరికరాలు గీతలను రెట్టింపు చేసి హెచ్‌డీఎంఐకి ఇస్తాయి. తొలి ఓఎస్ఎస్‌సీ ఫ్రేమంతా నిల్వ చేసుకోదు కాబట్టి ఆలస్యం దాదాపు ఉండదు. నేటి టీవీల గీతల లెక్కకు 240ని సరిగ్గా పెంచాలి: మూడు రెట్లు 720, తొమ్మిది రెట్లు 2160. 1080కి నాలుగున్నర రెట్లు కావాలి, చిక్కంతా అక్కడే.

అతి స్పష్టత కొన్ని ఆటలకు నప్పదు. 1991 నాటి 'సోనిక్ ద హెడ్జ్‌హాగ్'లో జలపాతాలను నిలువు చారలతో గీశారు. కాంపోజిట్‌లో అవి కలిసిపోయి పారదర్శకమైన నీరవుతాయి. ఆర్‌జీబీలో చారలుగానే మిగులుతాయి.