జనగణనలో కానరాని యానాము పేటలు

గౌతమీ గోదావరి నుండి కోరంగి పాయ విడివడు చోట, చుట్టును ఆంధ్రప్రదేశ్ గ్రామములు గల 30 చదరపు కిలోమీటర్ల గడ్డ యానాము. పాలన మాత్రము సుమారు 870 కిలోమీటర్ల దూరమునందున్న పుదుచ్చేరిది. ఫ్రెంచివారు 18వ శతాబ్దిలో వర్తకమునకై ఇచట స్థావర మేర్పరచుకొనుటయు, 1954 జూన్ 13న ఊరు విముక్తమగుటయు, 1962 ఆగస్టు 16న చట్టరీత్యా భారతదేశమున విలీనమగుటయు పాఠకు లెరిగినవే. శారదా చట్టము వచ్చిన పిమ్మట బాల్యవివాహములకై పెండ్లివారు ఇచటికి తరలివచ్చుటచే దీనికి కల్యాణపురమను పేరు కలిగినది. ఆ పెండ్లివారిని ఏ లెక్కలోను వ్రాసినవారు లేరు!

మేము చెప్పదలచినది ఆ లెక్కల సంగతియే. 2001లో యానాము జనసంఖ్య 31,394, 2011లో 55,626. పదేండ్లలో నూటికి 77 వంతుల పెరుగుదల! చిరకాలము దస్త్రములతో కాలము గడపిన మాకు ఈ అంకె వింతగా తోచినది. కేవలము జననముల వలన ఇంత పెరుగుట పొసగదు. బయటి నుండి వచ్చి స్థిరపడినవారు అనేకులుండవలెను. వారు ఏ పేటలో నిలిచిరో తెలిసికొనగోరి పట్టికలు తిరుగవేసితిమేని ఒక్క పేట పేరును కానరాదు. యానాము యావత్తును పురపాలక సంఘమే. గ్రామీణ జనసంఖ్య సున్న. కనకాలపేట, మెట్టకూరు, ఇసుకతిప్ప, ఫ్రాన్సుతిప్ప, అన్నియు వార్డులలో కరగిపోయినవి.

ఇది గణకుల దోషము కాదు, నిబంధన అట్టిది. పురపాలక సంఘమున్నచో పట్టణము. లేకున్నను 5,000 జనము, చదరపు కిలోమీటరునకు 400 మంది, ముఖ్య వృత్తి గల పురుషులలో నూటికి 75 మంది వ్యవసాయేతరులు ఉన్నచో దానిని జనగణన పట్టణ మందురు. 2011లో దేశమున ఇట్టివి 3,892. తక్కినవి రెవెన్యూ గ్రామములు. వాని శివారు పాలెములు ఎంత దూరముననున్నను తల్లి గ్రామపు ఖాతాలోనివే. కాగా తిప్పకు, పాలెమునకు తనదియను వరుస లేదు.

1986 గోదావరి వరదలోను, 1996 నవంబరు తుపానులోను ఈ ప్రాంతము మునిగి నలిగినది. అట్టి వేళ ఏ తిప్పపై ఎన్ని గడపలున్నవో తెలియుట ప్రాణావసరము. ఊరి మొత్తపు సంఖ్య అందుకు చాలదు.

భాష విషయమున యానాము కొంత అదృష్టము గలది. పుదుచ్చేరి మొత్తములో తెలుగువారు నూటికి ఆరుగురే. యానాము ప్రత్యేక జిల్లాగా లెక్కింపబడుటచే మన భాష అచట స్పష్టముగా కానవచ్చును. తమిళనాడున 2011లో 42 లక్షలకు పైగా తెలుగువారుండిరి. వారి చిన్న పాలెములకు ఈ భాగ్యము లేదు.

2021 గణన జరుగలేదు. రాబోవు గణనకు 2027 మార్చి 1 ప్రమాణ దినముగా ప్రకటింపబడినది. ఆ లోపుననే ప్రతి పాలెమువారును తమ పాలెము పేరు, ఎల్లలు, గడపల సంఖ్య, పెద్దలు చెప్పు వలస కథ ఒక నోటుపుస్తకమున వ్రాసి మన సంఘమునకు పంపినచో, వానిని భద్రపరచుటకు మేము సిద్ధముగా నున్నాము.