సంతకం లేని బొమ్మలు

1969 ఆగస్టు 20న స్కాట్లండ్‌లో డడ్లీ వాట్కిన్స్ బొమ్మ వేస్తూ వేస్తూనే గుండె ఆగి చనిపోయాడు. బల్ల మీద డెస్పరేట్ డాన్ పేజీ అలాగే ఉండిపోయింది. బ్లోటార్చితో గడ్డం గీసుకునే ఆ కౌబాయ్‌ని 1937 డిసెంబరులో వచ్చిన ‘డాండీ’ కామిక్ పత్రిక మొదటి సంచిక నుంచీ గీస్తున్నది ఆయనే. ఆ పత్రికను వేసిన, డండీ నగరంలోని డి.సి. థామ్సన్ కంపెనీలో పనికి కుదిరింది 1925లో. తన బొమ్మ కింద తన పేరు రాసుకోనిచ్చింది మాత్రం 1946లో. ఇరవై ఏళ్లకు పైనే పట్టింది. అదీ పెద్ద మర్యాద కిందే లెక్క. పక్క బల్లల మీద పనిచేసేవాళ్లకి ఆ పాటి కూడా దక్కలేదు.

పాత బ్రిటిష్ కామిక్స్ పోగుచేస్తానని చెబితే మన వాళ్లు మొదట అడిగేది ధర. సరే, అదీ చెప్తాను. రెండు పెన్నీలకు అమ్మిన ‘డాండీ’ మొదటి సంచిక, దానితో ఉచితంగా ఇచ్చిన రేకు ఈల సహా, 2004లో 20,350 పౌన్లకు పోయింది. అంత పలకడానికి కారణం అది మిగలకపోవడమే. పిల్లలు చదివి, ఇచ్చిపుచ్చుకుని, చింపి పారేశారు. చింపనివి యుద్ధం రోజుల్లో పాత కాగితాల సేకరణలో కొట్టుకుపోయాయి. చవక కాగితం కాబట్టి ఆ రెండూ తప్పించుకున్నవి కూడా ఏటేటా గోధుమరంగుకు తిరిగి, మడత దగ్గర పొడిపొడి అయిపోతాయి. వేలం కబుర్లు ఇంతటితో ఆపుతాను. వాటిని చదివి ఈ సరదాలోకి దిగినవాడు బొమ్మ వంక చూడడు, స్టేపుల్ తుప్పు పట్టిందా లేదా అని చూస్తాడు.

నా దృష్టిలో సేకర్తలు చేసిన అసలు పని వేరు. ఏ బొమ్మ ఎవరు గీశారో కనిపెట్టడం.

ఈ పేరు దాచే అలవాటు వ్యాపారంతో పాటే పుట్టిందని నా అనుమానం. 1890లో ఆల్ఫ్రెడ్ హార్మ్స్‌వర్త్ అనే ప్రచురణకర్త ‘కామిక్ కట్స్’ పత్రికని అర పెన్నీకి అమ్మాడు. ఆ ధరకు గిట్టుబాటు కావాలంటే బొమ్మలు చవగ్గా, ఆగకుండా రావాలి. పాఠకుడు పాత్రను గుర్తుపెట్టుకోవాలే తప్ప చిత్రకారుణ్ణి కాదు. ఒకడు జబ్బుపడితే ఇంకొకడు అదే ముక్కు, అదే టోపీ గీసి పంపుతాడు. పేరు లేనివాడు జీతం పెంచమని గట్టిగా అడగనూ లేడు. ఎవరైనా మూలన చిన్నగా సంతకం పెడితే ఆఫీసులో తెల్లరంగు పూసేవారు.

నేను మద్రాసులో పెరిగిన తెలుగువాణ్ణి. ఇంటికి వచ్చే చందమామలో బొమ్మ మూలన వపా, చిత్రా, శంకర్ అని ఉండేది. ఈ నెల శంకర్ బొమ్మలు ఎన్ని ఉన్నాయి అని లెక్కపెట్టుకునేవాళ్లం. కథలకన్నా ముందు ఆ పేర్లే నోటికి వచ్చాయి. బయట మాత్రం తమిళ స్నేహితుల దగ్గర ముత్తు కామిక్స్. శివకాశి నుంచి 1972లో మొదలైన ఆ పుస్తకాల్లో మా అందరి ప్రాణం ‘ఇరుంబుక్కై మాయావి’. అతనికి కుడి చేయి ఉక్కుది. కరెంటు షాక్ తగిలితే మనిషి మాయమైపోతాడు, ఉక్కు చేయి ఒక్కటే గాలిలో కనిపిస్తుంది. నాకు తమిళం చదవడం నేర్పింది బడి కాదు, ఆ చేయి. 1985లో తగలబడిపోకముందు మూర్ మార్కెట్‌లో పాత పుస్తకాల అంగళ్లు వెతుకుతుంటే అదే మాయావి ఇంగ్లీషులో దొరికాడు. పేరు ‘ది స్టీల్ క్లా’, పత్రిక ‘వేలియంట్’. బ్రిటన్‌లో 1962లోనే మొదలయ్యాడట. పేజీలన్నీ తిరగేశాను. గీసినవాడి పేరు ఎక్కడా లేదు.

ఉద్యోగం మీద ఇంగ్లండ్ వచ్చాక తెలిసింది, అతను హేసూస్ బ్లాస్కో. బార్సిలోనా మనిషి. వేలియంట్‌ని వేసే ఫ్లీట్‌వే కంపెనీ స్పెయిన్, ఇటలీ, అర్జెంటీనా చిత్రకారుల చేత విస్తారంగా గీయించుకునేది. బార్సిలోనాలో గీసిన బొమ్మ లండన్‌లో అచ్చయి, శివకాశిలో తమిళం మాట్లాడింది. ఆ దారి పొడుగునా పేరు మాత్రం జారిపోయింది.

ఆ పేర్లు ఏరి తెచ్చినవాళ్లలో పెద్ద డెనిస్ గిఫర్డ్. తనే కామిక్స్ గీసినవాడు, లండన్‌లోని సిడెన్‌హామ్‌లో ఇల్లంతా కామిక్స్‌తో నింపినవాడు. 1975లో ‘ది బ్రిటిష్ కామిక్ కేటలాగ్’ అని 1874 నుంచి వందేళ్ల పత్రికల పట్టిక అచ్చువేశాడు. 1978లో కామిక్స్ అభిమానుల సంఘం పెట్టాడు. ఆ తరం సేకర్తలు డిటెక్టివుల్లా పనిచేశారు. ఒకతను బూట్ల ముడతలు పట్టిచూస్తే ఇంకొకతను వేళ్లు, మరొకతను గోడమీది పటం వంకర. బతికున్న ముసలి చిత్రకారుల ఇళ్లకు ఉత్తరాలు రాసి, ఇది మీదేనా అని అడిగేవారు.

ఆ పని ఎంత కష్టమో బాష్ స్ట్రీట్ పిల్లల్ని చూస్తే తెలుస్తుంది. 1954లో ‘బీనో’లో వాళ్లను మొదలుపెట్టింది లియో బాక్సెండేల్. ఒక గడిలో పది తగాదాలు ఒకేసారి జరుగుతుంటాయి. ఎక్కడ చూడాలో తెలీదు, అదే ఆనందం. 1962లో ఆయన మానేస్తే డేవిడ్ సదర్లండ్ అందుకుని, 2023లో చనిపోయేదాకా అరవై ఏళ్లు గీశాడు. మామూలు పాఠకుడికి చెయ్యి మారినట్టు తెలియకూడదనే కంపెనీ కోరిక. సేకర్తకి తెలుస్తుంది: బాక్సెండేల్ పిల్లలు కుదురుగా నిలబడ్డా దొర్లిపోయేలా ఉంటారు. తర్వాత బాక్సెండేల్ తన పాత్రల హక్కుల కోసం ఏడేళ్లు దావా నడిపాడు. 1987లో రాజీ కుదిరింది.

పేరు ఉన్నవాడికి మాత్రం ఏం ఒరిగింది? సౌత్‌పోర్ట్‌లో మార్కస్ మోరిస్ అనే పాదిరీ, అమెరికన్ హారర్ కామిక్స్ పిల్లల్ని చెడగొడుతున్నాయని 1950 ఏప్రిల్‌లో ‘ఈగిల్’ మొదలుపెట్టించాడు. మొదటి పేజీలో ఫ్రాంక్ హాంప్సన్ గీసిన అంతరిక్ష పైలట్ డాన్ డేర్. తొలి సంచిక తొమ్మిది లక్షల దాకా అమ్ముడైంది. పాత బేకరీలో స్టూడియో. రాకెట్ల నమూనాలు తయారుచేసి, మనుషుల్ని నిలబెట్టి ఫోటోలు తీసి, వాటిని చూసి గీసేవారు. కథలోని సర్ హ్యూబర్ట్ గెస్ట్ అనే పాత్ర ముఖం హాంప్సన్ తండ్రిది. వారానికి రెండు రంగుల పేజీలకు అంత చాకిరీ! ఈగిల్ ఆయన పేరు వేసింది, హక్కు మాత్రం ఇవ్వలేదు. 1959లో యాజమాన్యం మారాక డాన్ డేర్‌ని వదులుకున్నాడు. చివరికి ఒక టెక్నికల్ కాలేజీలో గ్రాఫిక్స్ టెక్నీషియన్‌గా చేరాడు. 1975లో ఇటలీలోని లుక్కా ఉత్సవంలో ఆయన్ని ప్రపంచస్థాయి చిత్రకారుడని సన్మానించారు.

పత్రికలూ అంతే, పెద్ద చేప చిన్న చేపను మింగినట్టు పోయాయి. 1969లో ఈగిల్‌ని ‘లయన్’ మింగింది, 1974లో లయన్‌ని వేలియంట్, 1976లో వేలియంట్‌ని ‘బ్యాటిల్’. 1988లో ఆ బ్యాటిల్‌ని మింగింది కొత్తగా పుట్టిన ఇంకో ఈగిల్! మింగిన ప్రతిసారీ లోపల గొప్ప శుభవార్త అని కవరు మీద పెద్దక్షరాలు. ఏ పిల్లవాడూ నమ్మేవాడు కాదని నా తోటి సేకర్తలు ఇప్పటికీ తిట్టుకుంటారు.

పేర్ల విషయంలో మార్పు లోపలివాళ్ల నుంచే వచ్చింది. 1977లో మొదలైన ‘2000 ఏడీ’లో కెవిన్ ఓనీల్ ప్రతి కథకూ రచయిత, చిత్రకారుడు, అక్షరాలు రాసినవాడి పేర్లు వేసే చిన్న పెట్టె పెట్టాడు. 2016, 2018లలో ఆక్స్‌ఫర్డ్‌కి చెందిన రెబెలియన్ సంస్థ ఫ్లీట్‌వే పాత నిధిని కొని, పుస్తకాలుగా తిరిగి అచ్చువేస్తోంది. స్టీల్ క్లా పుస్తకం మీద ఇప్పుడు బ్లాస్కో పేరుంది. ఆయన 1995లోనే పోయాడు.

చెన్నైలో, చిత్తూరులో, ఆ పక్కల ఎవరింట్లోనైనా అటక మీద పాత ముత్తు కామిక్స్ ఉంటే, కిలోల లెక్కన తూకానికి వేయకండి. ఉక్కు చేయి ఉన్న పుస్తకం దొరికితే చీటీ మీద హేసూస్ బ్లాస్కో అని రాసి లోపల పెట్టండి. పుస్తకం మీద రాయకండి, సిరా పక్కపేజీకి దిగుతుంది.