ఓడకి అడుగున ఓ చిల్లు

ఓడ మునక్కుండా ఉండాలంటే అడుగున చిల్లు ఉండకూడదని ఎవర్నడిగినా చెబుతారు. అయినా ఓడలు కట్టేవాళ్ళు 1840ల నాటి నుంచీ పనిగట్టుకుని నీటిమట్టానికి కింద ఓ చిల్లు పెడుతూనే ఉన్నారు. ఇంజను లోపల, ప్రొపెల్లరు బయట. రెంటినీ కలిపే షాఫ్టు ఎక్కడో అక్కడ ఓడ గోడని దాటాలి కదా! షాఫ్టు తిరగాలి, నీళ్ళు మాత్రం లోపలికి రాకూడదు. గట్టిగా బిగిస్తే షాఫ్టు తిరగదు, వదులు చేస్తే నీళ్ళొస్తాయి. క్లయింటు ఇచ్చిన రెండు రిక్వైర్‌మెంట్లు ఒకదాన్నొకటి కొట్టుకుంటుంటే ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

అంతకుముందు ఆవిరి ఓడలకి పక్కన పెద్ద పెద్ద చక్రాలుండేవి. వాటి ఇరుసు నీటికి పైనే ఉండేది కాబట్టి ఈ గొడవ లేదు. ఫ్రాన్సిస్ పెటిట్ స్మిత్ అనే ఆంగ్లేయుడు (అసలు వృత్తి వ్యవసాయం!) పట్టుబట్టి 1839లో 'ఆర్కిమెడిస్' అనే ఓడని ప్రొపెల్లరుతో నడిపి చూపించాడు. అది చూసి బ్రూనెల్ తన 'గ్రేట్ బ్రిటన్' ఓడకి చక్రాలు మానేసి ప్రొపెల్లరే పెట్టాడు. 1845లో ఆ ఓడ అట్లాంటిక్ దాటింది. చరిత్ర పుస్తకాలు ఇక్కడితో చప్పట్లు కొట్టి ముందుకెళ్ళిపోతాయి. ఆ చిల్లు సంగతి ఎవరూ చెప్పరు.

చిల్లు దగ్గర వాడిన ఉపాయం కొత్తదేమీ కాదు. ఆవిరి యంత్రంలో పిస్టను కడ్డీ చుట్టూ ఆవిరి కారకుండా ఉండే ఏర్పాటునే తెచ్చి ఇక్కడ పెట్టారు. షాఫ్టు చుట్టూ ఓ లోహపు గిన్నె, అందులో కొవ్వు పట్టించిన అవిసెనార తాడు చుట్లు, వాటిని అదిమిపెట్టే ఓ నట్టు. అంతే. దీన్నే స్టఫింగ్ బాక్స్ అంటారు, గ్లాండు అని కూడా అంటారు. పొలంలో కరెంటు మోటారు పంపు చూసినవాళ్ళకి ఇది పరిచయమే. పంపు తిరుగుతుంటే షాఫ్టు దగ్గర చుక్కలు పడుతుంటాయి చూడండి, అదే ఇది.

ఇందులో తమాషా ఏంటంటే ఆ చుక్కలు లోపం కాదు. తాడుకీ షాఫ్టుకీ మధ్య నీటిపొర ఉంటేనే రాపిడి తగ్గుతుంది, వేడి బయటికి పోతుంది. పూర్తిగా ఆపేద్దామని బిగించేస్తే తాడు మాడుతుంది, షాఫ్టు మీద గాడి పడుతుంది. ఆ గాడి పడ్డాక ఎంత కొత్త తాడు చుట్టినా ఉపయోగం ఉండదు. నిమిషానికి మూడు చుక్కలనుకోండి, మిల్లీలీటరుకి ఇరవై చుక్కల లెక్కన రోజంతా తిరిగినా పావు లీటరు దాటదు. సెకనుకో చుక్కయితే రోజుకి నాలుగు లీటర్ల పైమాటే. చెడిపోవడం ఎక్కడ మొదలైందో ఈ లెక్కే చెబుతుంది. దీనికన్నా మంచి మానిటరింగ్ మన సర్వర్లకి కూడా లేదు.

అయితే తొలి ఓడలకి అసలు జబ్బు తాడులో లేదు. షాఫ్టుని పట్టి ఉంచే బేరింగులు ఇత్తడివి. ఉప్పునీళ్ళలో, ఇసుకలో అవి ఇట్టే అరిగిపోయేవి. బేరింగు అరిగితే షాఫ్టు ఊగుతుంది, ఊగితే గ్లాండు నిలవదు. 1854లో గ్రీనిచ్ ఇంజనీరు జాన్ పెన్ దీనికి లోహంతో కాదు, కర్రతో జవాబు చెప్పాడు. కరీబియన్ ప్రాంతపు లిగ్నమ్ వైటీ కర్ర ఎంత బరువంటే నీళ్ళలో మునిగిపోతుంది, పైగా లోపల జిగురు ఉంటుంది. ఆ కర్ర బద్దల్ని సందులొదిలి పేర్చి, సందుల్లోంచి సముద్రపు నీళ్ళే పారనిచ్చాడు. అంటే శత్రువు అనుకున్న నీళ్ళనే కందెనగా వాడుకున్నాడు. ఈ కథలో నాకు బాగా నచ్చిన మనిషి ఈయనే. స్మిత్‌కి, బ్రూనెల్‌కి వచ్చిన పేరు పెన్‌కి రాలేదు.

అప్పటికింకా ఎంత ప్రమాదంలో ఉన్నారో మర్నాటి ఏడే తెలిసింది. క్రిమియా యుద్ధకాలంలో, 1855లో, 121 ఫిరంగుల 'రాయల్ ఆల్బర్ట్'కి గ్లాండు దగ్గర నీళ్ళు పొంగుకొచ్చాయి. గ్రీసు దగ్గర కియా దీవిలో కావాలని ఒడ్డుకెక్కించి ఓడని దక్కించుకున్నారు. శత్రువు గుండొక్కటీ తగలకుండానే!

'ప్రిన్స్ ఆఫ్ వేల్స్'కి అంత అదృష్టం లేకపోయింది. 1941 డిసెంబరు 10న మలయా తీరంలో జపాను విమానం వేసిన టార్పెడో ఎడమవైపు బయటి షాఫ్టు దగ్గర తగిలింది. వంగిన షాఫ్టు తిరుగుతూ దారిలో ఉన్న గ్లాండుల్ని చీల్చేసింది. షాఫ్టుని ఆపి మళ్ళీ తిప్పబోతే ఆ దారెంట నీళ్ళు పోటెత్తాయి. కరెంటు పోయింది, పంపులు ఆగిపోయాయి, ఫిరంగులు తిరగలేదు. తర్వాత ఇంకొన్ని టార్పెడోలు తగిలాయనుకోండి, కానీ ఓడ ఓడిపోయింది మొదటి దెబ్బకే. 327 మంది పోయారు.

యుద్ధం తర్వాత పెద్ద ఓడలు నీళ్ళని వదిలేసి నూనెకి మారాయి. షాఫ్టు గొట్టం నిండా నూనె, రెండు చివర్లా రబ్బరు సీళ్ళు. ఓడలోకి చుక్క రాదు. సీలు అరిగితే నూనె సముద్రంలోకి పోతుంది, అది ఓడవాళ్ళ కంటికి కనపడదు. కారడం ఆగలేదు, అవతలివైపు తిరిగిందంతే. 2013లో అమెరికా, తమ జలాల్లోకొచ్చే ఓడలు పర్యావరణానికి హాని చెయ్యని కందెనలే వాడాలని నిబంధన పెట్టాక, కొందరు ప్లాస్టిక్ బేరింగులతో మళ్ళీ పెన్ పద్ధతికే వచ్చారు.

పాత తెరచాప పడవల్లో మాత్రం ఆ తాడు గిన్నె ఇప్పటికీ ఉంది. దాన్ని తీసేసి, తిరిగే ఉక్కు పళ్ళేనికి కార్బను రింగుని ఆనించే చుక్క కారని సీలు పెట్టుకునేవాళ్ళు చాలామంది. పడవ అడుగు పొడిగా ఉంటుంది, కాదనను. కానీ ఆ రింగుని నొక్కిపెట్టేది ఓ రబ్బరు తిత్తి. అది చిరిగితే చుక్కలతో మొదలవ్వదు. అందుకే దాన్ని కొన్నేళ్ళకోసారి మార్చమని చేసినవాళ్ళే చెబుతారు. పాతదానికీ ఓ రబ్బరు గొట్టం ఉంటుందని గుర్తుపెట్టుకోవాలి, పాత పడవ కొన్నవాళ్ళు ముందు చూడాల్సింది దాన్నే.

తాడు మార్చడం పెద్ద విద్యేం కాదు. నట్టు విప్పి, కొక్కెంతో పాత చుట్లన్నీ పీకెయ్యాలి. ఒక్కటి కూడా మిగల్చకూడదు. కొత్త తాడుని షాఫ్టు మందానికి సరిపడా విడి రింగులుగా కొయ్యాలి, స్ప్రింగులా ఒకే ముక్కని చుట్టకూడదు. అతుకులన్నీ ఒకే వరసలో పడకుండా తిప్పి పెట్టాలి, లేకపోతే నీళ్ళకి మనమే దారి వేసినట్టు. పడవ నీళ్ళలో ఉండగానే చేసే మొనగాళ్ళున్నారు, నీళ్ళు తోడే పంపు పనిచేస్తోందని ముందే చూసుకుని. తాడు మార్చిన కొద్దిరోజులకే మళ్ళీ కారితే ఇంకా బిగించకుండా బేరింగు చూడాలి, ఇంజను షాఫ్టుతో సూటిగా ఉందో లేదో చూడాలి. పెన్ చూసింది అదే.

చివరికి నట్టుని చేత్తో బిగించి, ఇంజను కాసేపు నడిపి, షాఫ్టు జోలికి పోకుండా గిన్నె మీద చెయ్యి పెట్టి చూస్తారు. గోరువెచ్చగా ఉంటే సరే. చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే ఇంకాస్త వదులు చెయ్యాలి, చుక్క పడేదాకా.