కవిలెకట్టయు దొరతనమును

తెనాలి పట్టణమును చీల్చుకొని మూడు కాలువలు పారుచున్నవి. బెజవాడ ఆనకట్ట 1855లో ముగిసిన పిదప, అక్కడినుండి దిగివచ్చు కృష్ణాజలము ఇచ్చట తూర్పు కాలువ, పడమటి కాలువ, నిజాంపట్నపు కాలువ అను పేర్లతో వేరుపడి పల్లపుభూములను తడుపుచు సముద్రమువైపు సాగిపోవును. ఈ సీమలో దొరతనము ఎన్నిమారులు, ఏల మారినదో తెలియగోరువాడు కోటలను, శాసనములను వెదకుటకన్న, ఈ పొలముల శిస్తును ఎవరు లెక్కగట్టిరి, ఎవరు వసూలుచేసిరి, ఎవరు వెచ్చించిరి అని విచారించుట మేలని నా నమ్మకము.

గుంటూరు సర్కారు 1788లో నిజాము చేతినుండి కుంఫిణీ వశమయ్యెను. 1802లో శాశ్వత శిస్తు ఏర్పాటు వచ్చి, రేపల్లె మొదలగు జమీందారీలకు వానలు కురిసినను కురియకున్నను మారని పేష్కషు విధింపబడెను. అది కట్టలేక జమీందారులు అప్పులపాలైరి. ఆ అప్పుల బరువు రైతు నెత్తిన పడెను. 1832-33 నాటి నందన కరువు జనములో పెద్దభాగమును పొట్టనబెట్టుకొనగా, శిస్తు కట్టు చేతులే కరవై, అదివరకే చెదలు తినియున్న ఆ దూలము విరిగినది. తరువాతి రెండు దశాబ్దములలో గుంటూరు జమీందారీలు కుంఫిణీ యధీనమైనవి. ఇంత జరిగినను ఊరి కరణము కదలలేదు. ఏ చెక్క యెవరిదో, ఏ గట్టు తగవులో నున్నదో ఆతని కవిలెకట్టలోనే యుండెను. తండ్రి మూసిన కట్టను కొడుకు విప్పుచుండెను.

కాలువనీరు పంటను, పంట చదువును తెచ్చినవి. చదివినవారు తమ శిస్తు చెన్నపట్టణమున ఎట్లు ఖర్చగుచున్నదో అడుగసాగిరి. 1913 మే నెలలో బయ్యా నరసింహేశ్వరశర్మ అధ్యక్షతన బాపట్లలో తొలి ఆంధ్ర మహాసభ కూడినపుడు ప్రత్యేక రాష్ట్రమును గూర్చి చర్చ సాగెను. రాష్ట్రమునకు 1953 వరకు వేచియుండవలసి వచ్చినది.

అయితే నా మనస్సు మరలమరల పోవునది బాపట్లకు ఎగువనున్న నల్లరేగడి పల్లెలకే. చీరాల ప్రజలు పురపాలక పన్నులకు ఒల్లక, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య మాట విని, ఇండ్లు విడిచి ఊరి వెలుపల పాకలు వేసికొన్న కాలమది. 1922 జనవరి నాటికి పెదనందిపాడు ఫిర్కాలో, పర్వతనేని వీరయ్యచౌదరి నాయకత్వమున, రైతులు శిస్తు నిలిపివేసిరి. వారికంటె ముందు నిలిచినవారు గ్రామోద్యోగులు: తరతరముల మిరాసీగా అనుభవించిన పదవులకు మునసబులు, కరణములు రాజీనామా లిచ్చిరి. అడంగలు విప్పిచెప్పువాడు లేక, దండోరా వేయించువాడు లేక, పైయధికారి ఊరిలో అంధునివలె నిలిచెను. జప్తు చేసిన సొత్తును వేలము వేయగా పాట పాడువాడు లేకపోయెను. సైన్యము పల్లెలలో దిగినను, శాంతిసేన వాలంటీర్లు రైతులను చేయి యెత్తనీయలేదు. చౌరీచౌరా పిదప గాంధీజీ ఉద్యమమును నిలుపగా, ఇచ్చటను శిస్తు మరల చెల్లింపబడెను. దీనిని పరాజయమని నేను అనజాలను. దొరతనమునకు వేరు ఎచ్చటనున్నదో ఆ కొలది వారములలో అందరికిని కనబడినది.

1942 ఆగస్టు 12న తెనాలిలో పోలీసు తుపాకులకు ఏడుగురు బలియైరి. నేటి రణరంగచౌకు వారి స్మారకమే. అయిదేండ్లకు తెల్లదొరలు వెడలిరి. కవిలెకట్ట మరి ముప్పదియేండ్లకు పైగా నిలిచెను. ఎన్.టి.రామారావు ప్రభుత్వము 1984 జనవరిలో కరణము, మునసబు పదవులను రద్దుచేసి రికార్డులను స్వాధీనము చేసికొనెను; మరుసటి యేడు మండలములు వచ్చినవి. 2022 ఏప్రిల్ 4న బాపట్ల జిల్లాయై రేపల్లెను తనలో కలుపుకొనగా, తెనాలి గుంటూరులోనే నిలిచినది. నేడు కంప్యూటరులో పేరు చూచుకొనివచ్చిన రైతునకు గట్టు తగవు తగిలినచో, పెద్దలు మొదట అడుగుమాట యొకటే: “కరణంగారి నాటి అడంగల్లో ఏముంది?”