ముప్పై రోజుల గడువు

1838 మే 20న ఫ్రాన్సులో పశువుల అమ్మకాల మీద ఒక చట్టం వచ్చింది. కొన్న గుర్రంలో దాచిన జబ్బు బయటపడితే వెనక్కి ఇచ్చేయడానికి అది వీలిచ్చింది. చాలా జబ్బులకు గడువు 9 రోజులు. మూర్ఛకీ, విడతలు విడతలుగా వచ్చే కంటి వాపుకీ మాత్రం 30. గుర్రాల వైద్యంలోనే తల నెరిసిన నాకు ఆ చట్టం రాసినవాళ్ల మీద గౌరవం. సంతలో బేరగాడి ఎత్తు వాళ్లకు తెలుసు. కన్ను తేటపడ్డ రోజుల్లో అమ్మేస్తే 9 రోజుల్లో ఏం బయటపడుతుంది?

ఇప్పుడు మేం యువైటిస్ అనే ఈ కంటి వాపుకి కారణం తెలియక యూరప్‌లో శతాబ్దాలపాటు చంద్రుణ్ణి ఆడిపోసుకున్నారు. ఇంగ్లండులో కొందరు పై దవడ పళ్ల ముందు మొలిచే చిన్న పన్నుదే తప్పని దాన్ని పీకేసేవారు. అంతకన్నా ఘోరం స్కాట్లండ్ శస్త్రవైద్యుడు జేమ్స్ వార్డ్రాప్ 19వ శతాబ్దం మొదట్లో రాసిపెట్టాడు: రెండో కన్నైనా దక్కుతుందని, లాడాలు కొట్టేవాళ్లు జబ్బు కంట్లో సున్నం వేసో మేకు గుచ్చో దాన్ని చంపేసేవారట.

1940ల్లో యూరప్ పరిశోధకులు లెప్టోస్పైరా క్రిమి వైపు వేలు చూపారు. ఎలకల మూత్రం కలిసిన నిలవ నీళ్లలో ఉండే క్రిమి అది. అన్ని కేసులకూ అదే కారణం కాదు. అది సోకిన ఎన్నో నెలలకు, ఒక్కోసారి ఏళ్లకు, ఒంట్లోని రక్షణశక్తే కంటి మీద తిరగబడుతుంది. అందుకే జబ్బు తగ్గినట్టే తగ్గి మళ్లీ వస్తుంది.

నా దగ్గరికి అలాంటి గుర్రం వస్తే ముందు చీకటి కొట్టంలోకి తీసుకెళ్తాను. నీరు కారుతూ రెప్ప సగం మూసుకుని, వెంట్రుకలు కిందికి వాలి ఉంటే నొప్పి ఉన్నట్టే. చీకట్లోనూ కంటిపాప ముడుచుకునే ఉంటే అనుమానం బలపడుతుంది. ఫ్లోరోసిన్ రంగు వేసి, నల్లగుడ్డు మీద పుండు లేదని తేలాకే స్టెరాయిడ్ చుక్కలు. కంటిపాప అంచు దాని వెనకున్న కటకానికి అతుక్కోకుండా అట్రోపిన్ వేస్తాను. అది పేగుల కదలికను మందగింపజేస్తుంది కాబట్టి లద్దె సరిగా పడుతోందో లేదో గుర్రాన్ని చూసుకునే సాయీసును గమనించమంటాను. వాపు, నొప్పి తగ్గడానికి మందు వేరే ఉంటుంది.

ప్రతి విడతా కొంత చూపు తినేసి పోతుంది. పెళ్లి ఊరేగింపులకు, బండికి గుర్రాలు పెంచేవాళ్లకు నేను చెప్పేది ఒకటే: కన్ను నీరు కారిన రోజే డాక్టరుకి చూపించండి. దానంతటదే తేటపడితే నయమైందనుకోకండి.